రెండో జ్వరం

కంప్యూటర్ తెర మీద ఎడమ మూలనున్న అంకె మళ్లీ ఎర్రబడింది. తొంభై తొమ్మిది డిగ్రీలు. ఇంకొక్క డిగ్రీ పెరిగితే ఎసరు తెర్లే వేడి అది. స్వర్ణలత నోరు తెరుచుకుని దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

ఎండాకాలమైతే సరే అనుకోవచ్చు. ఇది డిసెంబరు. పొద్దున ఎనిమిదైనా పుంగనూరు రోడ్డు మీద బస్సులు లైట్లు వేసుకునే తిరుగుతున్నాయి. సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టి పుల్లతో గీరినా రావడం లేదు. పల్లెలో మనుషులంతా దుప్పట్లు కప్పుకుని ముడుచుకుని కూర్చుంటే, ఈ ఒక్క కంప్యూటర్ పెట్టెకు మాత్రం ఒళ్లంతా సెగ. సెకనుకు అరవైసార్లు మారాల్సిన బొమ్మ పదిహేడుకు పడిపోయింది. ఆటలో కోట గుమ్మం ముందర గుర్రం ఒక కాలెత్తి, దించడం మరిచిపోయినట్టు అలాగే నిలబడింది. ఆ తర్వాత తెర నల్లబడిపోయింది. ఆ సోమవారం పొద్దున్నుంచి ఇది మూడోసారి.

ఇది ఆమెకు ఆట కాదు, ఉద్యోగం. ఈ చిన్న ముక్క ఇంట్లోవాళ్ల బుర్రకెక్కించడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు. కుప్పంలో రైల్వే స్టేషనుకు దగ్గర్లో, ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే కంపెనీ అది. ఏడెనిమిది మంది కలిసి కంప్యూటర్ ఆటలు తయారు చేస్తారు. తయారైన ఆటను బయటికి వదిలే ముందు గంటల తరబడి ఆడి, ఎక్కడ ఆగుతోంది, ఎక్కడ తడబడుతోంది అని రాసి పంపడం స్వర్ణలత పని. ఇంటి నుంచే చేయొచ్చు. మూడు నెలలు ఆమె పని చూస్తామన్నారు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే దండం పెట్టి వచ్చేయడమే. ఆ మూడు నెలలూ ఇప్పుడు ముగింపుకు వచ్చాయి.

తండ్రి గంగాధరానికి ఇదంతా చెవికెక్కలేదు. ఆయన లోకంలో పని అంటే టమోటా, పని అంటే మల్బరీ తోట, పని అంటే పట్టుపురుగుల షెడ్డు. “ఆడుకునేదానికి ఎవుడైనా జీతమిస్తాడా?” అని ఒక్క మాటతో కొట్టిపారేశాడు. ఊళ్లో ఎవరు అడిగినా, ఇంజినీరింగ్ చదివి ఇంట్లో కూర్చుని పొద్దస్తమానం ఆడుకుంటోందని చెప్పేవాడు. వినేవాళ్లకైనా కాస్త బుద్ధి ఉండాలి కదా. వాళ్లు కూడా నాలుక చప్పరించి, అయ్యో పాపం అని జాలిపడి పోయేవాళ్లు.

ఇక ఇంట్లో మిగిలింది అవ్వ బయ్యమ్మ. తల్లి లేని స్వర్ణలతను పెంచింది ఆమే. డెబ్బై దాటినా నడుం వంగలేదు, నోరు తగ్గలేదు. ఈ నెలలో ఆమెకు కొత్త పట్టుదల పుట్టుకొచ్చింది. మామూలుగా అయితే కొంచెం పెరిగిన పురుగును బయటి నుంచి కొనుక్కొచ్చి షెడ్డులో వేసుకుంటారు. రెండుసార్లు అలా తెచ్చిన పురుగు గూడు కట్టకుండానే పోయింది. ఈసారి వెనకటి కాలంలో మాదిరిగా గుడ్లే తెప్పించి, తన గదిలో తన చేత్తో పొదిగించి, పురుగుల్ని పెంచి ఇస్తానని అవ్వ కొడుకుతో పంతం వేసింది. సరే కానీ గదిలో బొగ్గుల కుంపటి పెట్టొద్దు, ఆ పొగకు నీ దగ్గు ఎక్కువవుతుంది అని గంగాధరం షరతు పెట్టాడు. అవ్వ ఒప్పుకుంది. అంత తొందరగా ఆమె ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఎందుకు ఒప్పుకుందో ఎవరూ ఆలోచించలేదు.

గుడ్లు ఇంటికొచ్చిన రోజు నుంచి అవ్వ గది తలుపులు మూసేసింది. గడపకు అడ్డంగా సున్నం గీత గీసింది. పక్కన కాళ్లు ముంచుకోవడానికి మందునీళ్ల పళ్లెం పెట్టింది. స్వర్ణలతనైతే ఆ దరిదాపులకు కూడా రావొద్దంది. చేతులు పగులుతున్నాయని ఆమె ఏదో వాసన క్రీము రాసుకుంటుంది. సెంటు వాసన, దోమల చుట్ట వాసన తగిలితే పట్టుపురుగు బతకదు. స్వర్ణలతకు అది తెలిసిన విషయమే కాబట్టి అటువైపు తొంగి కూడా చూడలేదు.

ఆ సోమవారం మధ్యాహ్నమే కుప్పం నుంచి ఫోను వచ్చింది. అశ్విని మేడమ్. కంపెనీ పెట్టినవాళ్లలో ఒకరు, స్వర్ణలత పని చూసేది ఆమే. గొంతు పెంచదు. పెంచకపోవడమే భయంగా ఉంటుంది. కోట ముట్టడి దగ్గర ఆట తడబడుతోందని స్వర్ణలత పోయిన శుక్రవారం ఒక రిపోర్టు, ఆ పొద్దున ఒక రిపోర్టు పంపింది. కుప్పంలో ఆరు కంప్యూటర్ల మీద అదే భాగాన్ని ఆడించి చూశారట. ఎక్కడా తడబడలేదట.

“లేని తప్పును ఉండాదంటే ఈడ మనుషులు దాని కోసం దినాలు దినాలు ఎతుకుతారు స్వర్ణలతా. మూడో తప్పు రిపోర్టు వస్తే నేను గూడా ఏమీ సేయలేను. వచ్చే వారం శుక్రవారం సాయంత్రం ఐదుకు నాకు ఆఖరు రిపోర్టు కావాల. ఆట ఆగిపోయిందని కాదు, యాల ఆగిందో కారణంతో సహా కావాల.”

ఫోను పెట్టేశాక కూడా స్వర్ణలత దాన్ని చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంది. తప్పు రిపోర్టా? కళ్లతో చూసింది కదా. గుర్రం కాలెత్తి నిలబడిందా, లేదా? కుప్పంలో నడుస్తున్నది తన ఇంట్లో ఎందుకు నడవదు? చేతిదాకా వచ్చిన ఉద్యోగం, అందరూ ఆట అని నవ్వే ఆ ఒక్క ఉద్యోగం, తన మాట నమ్మలేమంటూ పోతోంది.

ఇంటర్నెట్టులో చెప్పిన చిట్కాలన్నీ ఆమె అప్పటికే చేసి చూసింది. దుమ్ము దులిపింది. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసింది. ఫ్యాన్లు నిండు వేగంతో తిరిగేలా పెట్టింది. పెట్టె పక్క మూత తీసి చూస్తే వేడి కొంచెం తగ్గింది కూడా. కానీ గంట తిరక్కుండా అవ్వ వచ్చి, మూత తీసి పెడితే బల్లి దూరుతుందని, లోపల కరెంటు ఉంటుందని నానా యాగీ చేసి మూయించేసింది. ముసలావిడతో వాదన ఎందుకులే అని స్వర్ణలత ఊరుకుంది.

మంగళవారం పొద్దున్నే పెట్టెను దుప్పట్లో మూటగట్టి, మదనపల్లె బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కసీటు ఆవిడ దారి పొడుగునా అందులో ఏముందో కనుక్కోవాలని తంటాలు పడింది. మదనపల్లె బస్టాండు వెనక సందులో మధుసూదన్ రిపేరు షాపు ఉంది. మనుషులతో తక్కువ మాట్లాడి మిషన్లతో ఎక్కువ మాట్లాడే రకం. పెట్టె విప్పుతూనే లోపల ఎవరినో తిట్టడం మొదలుపెట్టాడు.

రెండు రోజులు అక్కడే ఉంచుకున్నాడు. బ్లోయరుతో ఊదితే పెద్దగా దుమ్మే రాలేదు. ప్రాసెసరు మీద వేడిని లాగడానికి పూసే తెల్ల పేస్టు గీకేసి కొత్తది పూశాడు. ఫ్యాన్లు విప్పి బిగించాడు. తర్వాత స్వర్ణలత ఆడే ఆటనే, ఆ కోట భాగాన్నే, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడిపించాడు. అరవై ఎనిమిది డిగ్రీలు దాటలేదు. గుర్రం ఎక్కడా ఆగలేదు. గురువారం ఆమె పోయేసరికి అతను గెడ్డం గోక్కుంటూ ఆ తెర ముందే కూర్చుని ఉన్నాడు.

“దీనికి ఏ రోగమూ లేదు తల్లీ,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం కూడా తెల్లబోయే ఉంది. “ఇంట్లో యాడ పెట్టినావు దీన్ని? ఎనకాల గోడకు ఆనుకోనుండాదా?”

“ఎనకాల గోడే లేదన్నా. కిటికీ. గాలి బాగా ఆడతాది.”

నిజమే. హాలుకూ అవ్వ గదికీ నడుమ పాతకాలపు కిటికీ ఒకటి ఉంది, తలుపుల్లేని ఇనప ఊచల కిటికీ. వేడి గాలి తన కాళ్లకు కొట్టకుండా అటువైపు పోతుందని, స్వర్ణలతే పెట్టె వీపును ఆ ఊచలకు ఆనించి, చుట్టూ కర్టెను కట్టుకుంది. ఇంతకంటే మంచి చోటు ఇంట్లో లేదు. మధుసూదన్ సరేనని తలూపి, నిమిషానికోసారి వేడిని రాసి గీతలా గీసిపెట్టే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి అందులో వేశాడు. వారం రోజుల గీత చూస్తే ఏదైనా తెలుస్తుందన్నాడు.

ఆ రెండు రోజుల్లో అవ్వ మూడుసార్లు ఫోను చేసింది. పెట్టె ఎప్పుడొస్తుంది, బాగయిందా, ఈ పొద్దే తెచ్చేస్తావా అని ఒకటే ఆరా. స్వర్ణలతకు కళ్లు చెమర్చాయి. ఇంట్లో ఒక్కరికైనా తన పని విలువ తెలిసిందనుకుంది.

ఇంటికి తెచ్చి, కర్టెను సందులోంచి ఎప్పటి చోటనే పెట్టి, మర్నాడు తెల్లవారుజామున ఐదుకే ఆట మొదలుపెట్టింది. అరగంట. తొంభై. ముక్కాలు గంట. తొంభై ఎనిమిది. షాపులో రెండు రోజులు చల్లగా నడిచిన పెట్టె, కొత్త పేస్టు పూసిన పెట్టె, ఆమె కళ్ల ముందే మళ్లీ ఎర్రగా కాగిపోయింది. అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంత మాయ ఎక్కడైనా ఉంటుందా?

సాయంత్రం ఆ గీత తీసి చూస్తే మాయ ఇంకా ముదిరింది. రోజంతా వేడి తొంభై మీదే ఉంది. కానీ పొద్దున ఆరుకు, పదకొండుకు, సాయంత్రం నాలుగుకు మాత్రం ఎవరో పిలిచి చెప్పినట్టు సర్రున డెబ్బై ఐదుకు దిగింది. కాసేపుండి మళ్లీ ఎక్కింది. శనివారం అంతే, ఆదివారం అంతే. సోమవారం మాత్రం ఏ వేళకూ దిగలేదు. ఆ రోజు పెట్టె నాలుగుసార్లు ఆరిపోయింది. మళ్లీ మంగళ, బుధ, గురువారాల్లో ఆరు, పదకొండు, నాలుగు. కరెంటు ఓల్టేజీ కాదు, ఆమె మీటరు పెట్టి చూసింది. ఆట వల్ల కాదు, ఆ వేళల్లో ఆమె ఆటలో ఏ భాగం ఆడినా అంతే. మధుసూదన్‌కు ఆ గీత పంపింది. అతను తన పద్దెనిమిదేళ్ల సర్వీసులో వేళకు అన్నం తిన్నట్టు వేళకు చల్లబడే కంప్యూటర్‌ను చూడలేదని మాత్రం రాశాడు.

శుక్రవారం వచ్చింది. సాయంత్రం ఐదుకు రిపోర్టు పంపాలి. నాలుగు గంటలు ఆపకుండా ఆట నడిస్తే తప్ప రిపోర్టు రాయడానికి లేదు. స్వర్ణలత హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. పొద్దున ఆరుకు వేడి దిగలేదు. అయినా పదకొండుకు దిగుతుందిలే అని, తొంభై ఐదు దగ్గర ప్రాణాలు ఉగ్గబట్టుకుని కోట గుమ్మం దాకా లాక్కొచ్చింది. పదకొండు అయింది. దిగలేదు. పదకొండూ ఐదు. తొంభై తొమ్మిది. తెర నల్లబడింది, ఫ్యాన్లు గిర్రున తిరిగి ఆగిపోయాయి. ఆమె హెడ్‌ఫోన్లు లాగి బల్ల మీద పడేసి రెండు చేతులతో తల పట్టుకుంది.

అప్పుడు ఆ నిశ్శబ్దంలో, కంప్యూటర్ వెనక నుంచి ఒక మాట వినిపించింది.

“యాల ఆపినావు తల్లీ? ఆడుకో, ఆడుకో. సల్లబడిపోతాంది ఈడ.”

స్వర్ణలత ఉలిక్కిపడి లేచింది. కుర్చీ వెనక్కి పడింది. ఒక్క క్షణం ఆ పెట్టే మాట్లాడిందనుకుంది. ఆ వెంటనే ఆరు, పదకొండు, నాలుగు అనే మూడు అంకెలు ఆమె బుర్రలో గిర్రున తిరిగాయి. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, వారం నుంచి ఆ అంకెల్ని గీత మీద చూస్తూ కూడా గుర్తు పట్టలేకపోయింది. అవి పురుగుకు ఆకు వేసే వేళలు.

సున్నం గీత దాటింది. మందునీళ్ల పళ్లెం దాటింది. తలుపు తోసి, అక్కడే కొయ్యబారిపోయింది.

కిటికీ ఊచల మీది నుంచి నేల దాకా నల్ల కంబళి వేలాడుతోంది, చిన్న గుడారం కట్టినట్టు. ఆమె దాని అంచు ఎత్తింది. మొహానికి ఆవిరి కొట్టింది. లోపల వెదురు తట్టలు ఒకదాని మీద ఒకటి నాలుగు వరసలు. పైన మైనం కాగితాలు. తేమ కోసం చుట్టూ తడి స్పాంజి ముక్కలు. మేకుకు వేలాడుతూ షెడ్డులోని ధర్మామీటరు. వీటన్నిటి మీదికీ సరిగ్గా ఊదేటట్టు, ఊచల సందులోంచి ఆమె కంప్యూటర్ వీపు. అది వదిలిన వేడి ఆ కంబళి దాటి ఎక్కడికీ పోవడం లేదు. తట్టల నిండా ఇరవై వేల పురుగులు, ఒక్కటీ కదలకుండా, తలలు పైకెత్తి నిలబడి ఉన్నాయి. ఆమె వాటిని చూసింది, కంబళిని చూసింది, అవ్వను చూసింది.

అవ్వ మాత్రం తన పనితనం ఎవరైనా చూశారు కదా అన్నట్టు వెలిగిపోతున్న మొహంతో నిలబడి ఉంది. గుడ్లొచ్చిన రోజు ఊచల దగ్గర చెయ్యి పెడితే వెచ్చటి గాలి తగిలిందట. ధర్మామీటరు పెట్టి చూస్తే గుడ్డుకు ఎంత వేడి కావాలో అంతే ఉందట. ఊరికే పోయే వేడి కదా అని కంబళి కట్టిందట. ఆకు వేసేటప్పుడు కంబళి ఎత్తుతుంది, వేశాక దించేస్తుంది. కంప్యూటర్ మదనపల్లెకు పోయిన రెండు దినాలూ తన ప్రాణం ప్రాణంలో లేదని, పగిలే గుడ్లను కాగితంతో సహా కొంగులో కట్టుకుని పొట్టకు ఆనించుకుని పడుకున్నానని చెప్పింది. సోమవారం పురుగు మొదటి జ్వరంలో ఉందట. పురుగు చర్మం విడిచే రోజును ఆ పక్క పట్టు రైతులు జ్వరమనే అంటారు. ఆ దినం అది ఆకు తినదు, తట్టను కదపకూడదు, చలి తగలకూడదు. అందుకే ఆ రోజు కంబళి ఎత్తలేదు. ఈ పొద్దు రెండో జ్వరం, అందుకే ఈ పొద్దు కూడా ఎత్తలేదు.

స్వర్ణలత అరిచింది. జీవితంలో అవ్వ మీద అంతగా అరవడం అదే మొదలు. తన ఉద్యోగం ఈ సాయంత్రంతో పోతుందని, రెండు వారాలుగా తను పిచ్చిదానిలా కారణం వెతుకుతోందని, ఆ కారణం ఈ కంబళి అని అరిచింది. ఉద్యోగమనే మాట విన్నాక అవ్వ మొహంలో వెలుగు మెల్లగా ఆరిపోయింది.

“ఆట గాదా అది?” అంది. “మీ నాయన దినామూ నిన్ను ఆట ఆట అని తిడతాంటే నా కడుపు రగిలిపోయేది. ఈ పురుగు గూళ్లు కట్టినంక నలుగురి ముందర వానితో అనాలనుకొన్న్యా, ఇది నా మనవరాలు ఆడిన ఆటతో పండిన పంటరా అని. ఇంగ నిన్నెవురూ ఏమీ అనకుండా సేయాలని.”

ఆ మాటకు స్వర్ణలత అరవడం ఆపేసింది. తన పరువు నిలబెట్టాలని ఈ ముసలావిడ ఎంచుకున్న దారి, సరిగ్గా తన పీకకు చుట్టుకుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి?

ఇంతలో అవ్వ ఇంకో మాట లేకుండా కంబళి ముడి విప్పడం మొదలుపెట్టింది. కంప్యూటర్ తీసుకెళ్లి హాలు నడుమ పెట్టుకోమంది, పురుగుదేముందిలే, ఇంకోసారి సాక్కుంటానంది. గోడ గడియారంలో పదకొండున్నర. పెట్టె ఇప్పుడు హాల్లోకి మారిస్తే నాలుగు గంటల ఆట ఆడి, ఐదింటికి హాయిగా రిపోర్టు పంపొచ్చు. అంతా బాగుంది, తప్పు పోయిందని రాస్తే కుప్పంలో ఎవరికీ ఏమీ తెలియదు. జ్వరంలో ఉన్న ఇరవై వేల పురుగులు ఆ చలికి సాయంత్రానికి నల్లబడి రాలిపోతాయి, అంతే. కొంగులో కట్టుకుని కాపాడటానికి ఇప్పుడవి గుడ్లు కూడా కావు.

స్వర్ణలత అవ్వ చేతుల మీద చేతులేసి ఆపింది.

మధుసూదన్‌కు ఫోను చేసి చెప్పింది. అతను విని, ఆమె ఇంకోసారి మొదటి నుంచి చెప్పేదాకా నమ్మలేదు. నమ్మాక, కంబళిని పైన జానెడు ఎత్తి కట్టమన్నాడు, ఆటను సెకనుకు ముప్ఫై బొమ్మలకు తగ్గించి వదిలేయమన్నాడు. అలాగే చేస్తే వేడి ఎనభై దగ్గర నిలబడింది. తట్టల దగ్గర ధర్మామీటరు ఇరవై ఆరు చూపించింది. పురుగు బతుకుతుంది. కానీ ముప్ఫై బొమ్మల ఆటతో పరీక్ష చేసినట్టు కాదు. ఐదింటికి పంపడానికి ఇక రిపోర్టు లేదు.

పన్నెండింటికి ఆమె కుప్పానికి ఫోను చేసింది. అశ్విని మేడమ్ ఎత్తగానే ఏదీ దాచకుండా చెప్పుకుంటూ పోయింది: కిటికీ, కంబళి, తట్టలు, ఆరు, పదకొండు, నాలుగు. తను పంపిన రెండు రిపోర్టులూ తప్పేనని, ఆటలో ఏ లోపమూ లేదని చెప్పింది.

“ఎన్నో జరం?” అంది అశ్విని.

స్వర్ణలత తనకు సరిగ్గా వినపడలేదనుకుంది. రెండోదని నెమ్మదిగా చెప్పింది. అశ్విని అదే గొంతుతో, తన అమ్మ రామకుప్పం పక్కన కూలికి ఆకు కోసేదని, రెండో జ్వరంలో తట్ట కదిపినందుకు ఒకసారి రైతు చేత తిట్లు కూడా తిన్నదని చెప్పింది. పురుగు జ్వరం నుంచి లేచేదాకా పెట్టెను కదపొద్దంది. రిపోర్టు సోమవారం పంపమంది. కారణంతో సహా కావాలన్నాను, తెచ్చావు, ఉద్యోగం గురించి భయం పెట్టుకోవద్దంది. స్వర్ణలత గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. ఇంత తేలిగ్గా గండం గడిచిపోయిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు.

“అయితే ఒకటి,” అంది అశ్విని. “ఈ మాట మునికుమార్‌కు నేను సెప్పలేను. నువ్వే సెప్పాల.”

ఆ పేరు స్వర్ణలత ఎప్పుడూ వినలేదు. ఎవరని అడిగింది. కోట ముట్టడి భాగానికి ప్రోగ్రాం రాసిన మనిషట. ఆమె మొదటి రిపోర్టు వచ్చిన రోజు నుంచి, పద్నాలుగు రోజులుగా, తన తప్పు ఎక్కడుందో దొరక్క ఆఫీసులోనే ఉంటున్నాడట. రెండు కుర్చీలు దగ్గరికి లాక్కుని వాటి మీదే పడుకుంటున్నాడట. రాసిందంతా చెరిపి రెండుసార్లు మళ్లీ రాశాడట. పది రోజుల కిందట రామకుప్పంలో అతని భార్యకు ఆడపిల్ల పుట్టింది. గంట ప్రయాణం కూడా లేదు. అయినా తప్పు దొరికేదాకా బిడ్డ మొహం చూడనని మొండికేసి కూర్చున్నాడట. రేపు బిడ్డకు పురుడు చేసే రోజు. దానికి కూడా పోనన్నాడట.

ఈ పద్నాలుగు రోజులూ స్వర్ణలత ఒక్క ఉద్యోగం గురించే భయపడింది, అది తనది. తను రాసిన నాలుగు వరుసలు నమ్మి, అవతల ఎక్కడో ఒక మనిషి తనను తాను ఇలా శిక్షించుకుంటున్నాడని కలలో కూడా అనుకోలేదు. అవ్వ వచ్చి ఎదురుగా నిలబడి ఏమైందని కళ్లతోనే అడిగింది. స్వర్ణలత ఆగమని చెయ్యి చూపించింది. ఫోన్లో అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, ఎవరో దగ్గుతూ “హలో” అన్నారు. నిద్ర లేక బొంగురుపోయిన మునికుమార్ గొంతు.

ఆమె చెప్పింది. ఈసారి అంత ధారాళంగా రాలేదు. కంబళి దాకా వచ్చేసరికి అతను అడ్డుపడి అడిగాడు.

“అంటే, తప్పు నేను రాసినదాంట్లో లేదామ్మా?”

“లేదన్నా. మీరు రాసింది సరిగ్గానే ఉండాది. తప్పు నాది.”

“ఇంకోసారి సెప్పు.”

ఆమె ఇంకోసారి చెప్పింది. అవతల కుర్చీ ఏదో కిందపడిన చప్పుడైంది, ఆ వెంటనే మగమనిషి ఏడుపు వినిపించింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేని ఏడుపు. తప్పు మీది కాదని మూడోసారి స్వర్ణలత అతను అడగకుండానే చెప్పింది.